కిలోమీటరు ఎక్కడైనా కిలోమీటరేనా?

పర్లాకిమిడి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. హైదరాబాద్ వెళ్ళి పొద్దున్నే లేచి పరుగులు మొదలెట్టావంటే మా ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. అది సరే గానీ, "నడిచినా పరిగెత్తినా కిలోమీటరు కిలోమీటరే, ఖర్చు ఒకటే" అని రాశావే, ఫిజిక్స్ చదివినవాడు రాయాల్సిన మాటేనా అది?

డెబ్భై కిలోల మనిషి కిలోమీటరు పరిగెత్తితే సుమారు 70 కేలరీలు. తాపీగా నడిస్తే యాభై లోపే. ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది రెండింట్లోంచీ తీసేసి చూడు, పరుగు ఖర్చు దాదాపు రెట్టింపు తేలుతుంది.

ఎందుకంటావా? నడిచేటప్పుడు నేలమీది కాలు నిటారుగా ఉంటుంది, ఒళ్ళు దాని మీదుగా పైకెక్కి అవతలికి దిగుతుంది. ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, దిగేటప్పుడు ఆ ఎత్తే వేగంగా మారుతుంది. ఎత్తూ వేగమూ ఒకదానికొకటి చేబదులు ఇచ్చుకుంటాయన్నమాట. మంచి నడకలో నూటికి 60 పైచిలుకు అలా సర్దుబాటైపోతుంది, కండరాలు భరించేది మిగతాదే. పరుగులో ఆ వీల్లేదు. పాదం ఆనగానే ఎత్తూ వేగమూ కలిసే తగ్గుతాయి, కలిసే పెరుగుతాయి. ఇక ఎవరు ఎవరికిస్తారు? మడమ వెనకున్న అకిలిస్ స్నాయువు, అరికాలి వంపు సాగి, మళ్ళీ ముడుచుకుని, పోయినదాంట్లో సగం దాకా తిరిగిస్తాయి కాబట్టి గానీ, లేకపోతే నీ పని అయిపోయేది.

అలాగని నడక ఎప్పుడూ చవకని కాదురోయ్. గంటకు ఏడు కిలోమీటర్లు దాటితే పరుగే నయం. అందులో కాలి పొడవుది పెద్ద పాత్ర. మొన్న రథయాత్రలో మా చిన్నదాని చెయ్యి పట్టుకుని మామూలుగానే నడుస్తున్నాను. అది నాలుగడుగులు నడవడం, రెండు గెంతులెయ్యడం, చెప్పు జారిపోతే వేళ్ళతో బిగబట్టి మళ్ళీ గెంతడం! కుదురుగా నడవ్వే అని వాళ్ళమ్మ కసిరింది. అదేం చేస్తుంది పాపం? అరమీటరు కూడా లేని కాళ్ళకి గంటకు ఐదు కిలోమీటర్లంటేనే పరుగు. నడకలో ఒంటిని నేలకి పట్టి ఉంచేది గురుత్వాకర్షణే; చంద్రుడి మీద అది ఆరో వంతే కాబట్టి అక్కడ పెద్దవాళ్ళకీ ఇదే గతి. వ్యోమగాములు గెంతుకుంటూ తిరిగింది సరదాకి మాత్రమే కాదు.

మోకాళ్ళు జాగ్రత్త. నడకలో నేల నీ బరువుకి కాస్త ఎక్కువగా తిరిగి నెడుతుంది, పరుగులో రెండు మూడు రెట్లు.

శివరాత్రికి రా, మహేంద్రగిరి ఎక్కుదాం. ఎక్కుడులో ఈ చేబదుళ్ళేవీ చెల్లవు. వెయ్యి మీటర్లు ఎక్కాలంటే నీ ఒంటిని పైకి లేపడానికే 160 కేలరీల పని. తిన్నదాంట్లో పావు వంతే కండరాలు పనిగా మారుస్తాయి, అంటే 650 దాకా ఖర్చు. అందుకే పెసరట్లు ఎక్కువ కట్టమని ఇంట్లో ఇప్పుడే చెప్పేశాను. జీపు మాటెత్తావో, నీకు ఒక్కటీ పెట్టను.

నీ
రాముడు