సున్నా వచ్చిందంటే పుస్తకం లేనట్టు గాదు

హన్మకొండ

దోస్త్ రమేశూ,

మంచిగున్నవనుకుంట. ఏఐ ఏజెంటుకు లైబ్రరీ కాటలాగ్‌లకెళ్లి పుస్తకాల వివరాలు తెచ్చిచ్చే టూల్ రాస్తున్న, ఎక్కడ మొదలువెట్టాలె అని అడిగినవ్ గదా. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవ్. చాయ్ పెట్టుకొని కూసో, జర లంబానే ఉన్నది.

ముందుగాల ప్రోటోకాల్, అంటే కాటలాగ్‌ను అడిగే పద్ధతి. జడ్39.50 అనే పాత పద్ధతి జోలికి పోకు. అది బైనరీ, 210 పోర్టు మీద నడుస్తది. కాలేజీల ఫైర్‌వాల్‌లు ఆ పోర్టును ఎక్కువసార్లు మూసే ఉంచుతయి. దాని తమ్ముడు ఎస్ఆర్‌యూ నయం. మామూలు వెబ్ అడ్రస్ లెక్కనే అడుగుతవ్, ఎక్స్ఎంఎల్ వస్తది. కోహా అనే సాఫ్ట్‌వేర్ నడిపే లైబ్రరీ రెండూ ఇయ్యగలదు, గని అడ్మిన్ ఆన్ చేసి ఉండాలె. ఓఏఐ-పీఎంహెచ్ అనే ఇంకో పద్ధతి మొత్తం కాటలాగ్‌ను మూటగట్టి తెచ్చుకునేటందుకు, వెతుకుడుకు గాదు.

ఎస్ఆర్‌యూల రికార్డుల లెక్క 1 కెళ్లి మొదలైతది. 0 పంపితే తప్పు చూపెడతది. ఆ తప్పు గూడ చాలాసార్లు హెచ్‌టీటీపీ 200 (‘అంతా సరే’ అనే వెబ్ కోడ్) తోనే వస్తది, ఎక్స్ఎంఎల్ లోపల డయాగ్నొస్టిక్ అని దాసుకొని ఉంటది. నీ కోడ్ 200 చూసి ‘అంతా మంచిగుంది, రికార్డులే లేవు’ అనుకుంటది. డయాగ్నొస్టిక్ 10 అంటే క్వెరీ రాత తప్పు, 16 అంటే నువ్వడిగిన ఇండెక్స్ (శీర్షిక, రచయిత అసొంటి వెతుకుడు పట్టిక) ఆ సర్వర్ల లేదు.

ఇగ అసలు గోస తెలుగుతోని. ‘ఓరుగల్లు కోట మీద పుస్తకాలున్నయా’ అని ఎవలో అడుగుతరు, ఏజెంటు అదే లిపిల పంపుతది, సున్నా వస్తది. ఎందుకంటే మార్క్ అనే ఫార్మాట్ల రాసే లైబ్రరీ రికార్డులకు పాతకాలంల వాడిన మార్క్-8 అక్షరాలల్ల అరబిక్, హీబ్రూ, గ్రీకు, చైనీస్ ఉన్నయి గని తెలుగు లేదు. గందుకే అమెరికా లైబ్రరీలల్ల పాత తెలుగు పుస్తకాలు ఏఎల్ఏ-ఎల్‌సీ అనే లిపి మార్చే పద్ధతిల రోమన్ అక్షరాలతోని ఎక్కినయి. ‘ఓరుగల్లు’ల మొదటి అక్షరానికి రోమన్ ఓ మీద అడ్డగీత పెడతరు. ఆ గీత ఓ యూనికోడ్‌ల రెండు తీర్ల ఉంటది: 014డీ అనే ఒక్క కోడ్, లేకుంటే ఉత్త ఓ, దాని ఎనుక 0304 అనే గీత. కంటికి రెండూ ఒక్కటే, కంప్యూటర్‌కు వేరువేరు. మార్క్ రికార్డులల్ల విడగొట్టిన రూపమే ఎక్కువ. అందుకని ప్రతి ముక్కను ఎన్ఎఫ్‌సీకి (అక్షరం, గీత కలిపి ఒక్క కోడ్ చేసే రూపం) మార్చినంకనే పోల్చు.

ప్రతి ప్రశ్నను టూలే మూడు తీర్ల పంపాలె: తెలుగు లిపి, గీతలు చుక్కలు తీసేసిన రోమన్, జనం రాసుకునే ఇంగ్లిష్ స్పెల్లింగ్. వరంగల్, వరంగల్లు, ఓరుగల్లు మూడూ ఒక్క ఊరే అని కాటలాగ్‌కు ఎవలు చెప్పాలె? కాళోజీ పేరు ఒకకాడ దీర్ఘంతోని, ఇంకోకాడ పొట్టిగ ఉంటది. ఈ పని మోడల్‌కు వదిలిపెట్టకు. తోచినట్టు ఇరవై స్పెల్లింగులు కొట్టి సర్వర్‌ను సతాయిస్తది. ప్రశ్నకు ప్రశ్నకు నడుమ ఒక సెకను ఆపు, వచ్చిన జవాబు దాసిపెట్టు.

తెలుగు లిపి ఉన్న రికార్డైతే అది 880 నంబర్ ఫీల్డ్‌ల (రికార్డుల ఒక గడి) దొరుకుతది. శీర్షిక ఉండే 245ల సబ్‌ఫీల్డ్ 6 చూడు: 880-02 అని ఉంటే, 880లల్ల 245-02 అని ఉన్నదే దాని జోడి. నంబర్ చూడకుండ వరుసను బట్టి జత కలిపితే రచయిత పేరు పోయి శీర్షికకు అతుక్కుంటది.

ఏజెంటుకు మొత్తం రికార్డ్ ఇయ్యకు. ఒక్క మార్క్ ఎక్స్ఎంఎల్ రికార్డే కొన్ని వేల అక్షరాలు, యాభై ఇస్తే దాని బుర్ర నిండిపోతది. 5 నుంచి 10 రికార్డులు చాలు. 001 (రికార్డు నంబర్), 245 (శీర్షిక), 100 (రచయిత), 264 లేకుంటే 260 (ప్రచురణ), 020 (ఐఎస్‌బీఎన్ అనే పుస్తక నంబర్), 008ల 35 నుంచి 37 దాకున్న భాషా కోడ్. ఆ స్థానాలు సున్నాకెళ్లి లెక్కవెట్టాలె. తెలుగుకు టీ-ఈ-ఎల్, టీ-జీ-ఎల్ అంటే ఫిలిప్పీన్స్ భాష తగలాగ్! 245 ముక్కల చివర్లకు కోలన్, ఏటవాలు గీత (/) అంటుకొని వస్తయి, దులుపు. వివరం మొత్తం కావాలంటే 001 నంబర్‌తోని అడిగే రెండో టూల్ వేరే పెట్టు. మూడోది అవసరం లేదు.

ఐఎస్‌బీఎన్‌ను పుస్తకాన్ని గుర్తుపట్టే తాళంచెవి చేసుకోకు. 1904ల పెట్టిన మన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అసొంటి కాడున్న పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఎక్కడిది? ఉన్నదాన్ని గూడ సంఖ్యగ దాచకు, అక్షరాలుగనే దాచు: 10 అంకెలదాంట్ల చివర ఎక్స్ రావచ్చు, ముందర సున్నా ఉంటే పోతది. 13 అంకెలకు మార్చేటప్పుడు ముందర 978 పెట్టి ఊకుండకు, చివరి అంకె మళ్ల లెక్కగట్టాలె.

ఏజెంటుకు టూల్‌లను కలిపే ఎంసీపీ సర్వర్ స్టాండర్డ్ ఇన్‌పుట్-అవుట్‌పుట్ మీద నడుస్తుంటే, ఆ అవుట్‌పుట్ల జేసన్-ఆర్‌పీసీ సందేశాలు తప్ప ఇంకేం పోవద్దు. డీబగ్ కోసమని ఒక్క ప్రింట్ పెట్టినా కనెక్షన్ ఆగం గావచ్చు. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు మళ్లించు.

ఇంకొక్కటి, ఇది తప్పకుండ చేయాలె. ఖాళీ జాబితా పంపకు. ‘ఈ మూడు తీర్ల వెతికిన, ఈ కాటలాగ్‌ల దొరకలే’, ‘సర్వర్ పలుకలే’, ‘క్వెరీ అర్థం కాలే’ అని మూడు వేరువేరు జవాబులు మాటలల్లనే పంపు. ఖాళీ చేతులతోని పంపితే ఏజెంటు ఉన్న పుస్తకాన్ని లేదంటది, లేకుంటే లేని పుస్తకాన్ని పుట్టిస్తది.

పరీక్షకు సర్వర్‌ను బందు చేసి ఒకసారి, ఇండెక్స్ పేరు తప్పు రాసి ఒకసారి, తెలుగు లిపిల ఒకసారి అడుగు. మూడింటికి ఏమొచ్చిందో నాకు రాసి పంపు.

నీ దోస్త్