కయోటీస్ జెర్సీ వేసుకునే వెళ్ళు

చాండ్లర్

చిన్నా,

యూటా జట్టు ఐస్ హాకీ ఆట చూడ్డానికి సాల్ట్ లేక్ సిటీలోని డెల్టా సెంటర్‌కి వెళ్ళాలని ఉంది, కానీ వెళ్తే మన అరిజోనా కయోటీస్‌కి ద్రోహం చేసినట్టుంటుందేమో అని రాశావు. మన దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళిన క్లేటన్ కెల్లర్ గోల్ కొడితే చప్పట్లు కొట్టొచ్చా అని కూడా అడిగావు. కొట్టు నాన్నా, చేతులు నొప్పెట్టేలా కొట్టు. 2016లో కుర్ర ఆటగాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకున్నది మన జట్టే. అయితే ఇక్కణ్ణుంచి ఏం వెళ్ళిందో, ఏం వెళ్ళలేదో నీకు సరిగ్గా తెలియాలి. అప్పుడే ఎవరి మీద కోపం పెట్టుకోవాలో, ఎవరి మీద అక్కర్లేదో తేలుతుంది.

2024 ఏప్రిల్ 17న టెంపీలోని మలెట్ అరీనాలో మనవాళ్ళు చివరి ఆట ఆడి, ఎడ్మంటన్ ఆయిలర్స్ మీద 5-2తో గెలిచారు. మర్నాడే జట్ల యజమానుల తరఫు వాళ్ళుండే నేషనల్ హాకీ లీగ్ గవర్నర్ల మండలి యూటా ఒప్పందానికి ఓటు వేసింది. జట్టు యూటాకి మారింది అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు గానీ కాగితాల మీద జరిగింది అది కాదు. యూటా వైపు నుంచి ర్యాన్ స్మిత్ సంస్థ 120 కోట్ల డాలర్లు కట్టింది. అందులో 100 కోట్లు మన యజమాని అలెక్స్ మెరుయెలోకి, 20 కోట్లు మిగతా జట్ల యజమానులకి వెళ్ళాయి. ఆటగాళ్ళ కాంట్రాక్టులు, డ్రాఫ్ట్ హక్కులు, కోచ్‌లు, ఆటకి సంబంధించిన సిబ్బంది అందరూ ఒక కొత్త ఫ్రాంచైజీకి మారారు. కయోటీస్ పేరు, బొమ్మ, రికార్డులు మాత్రం మారలేదు. ఐదేళ్ళలో అరీనా కడితే కొత్త జట్టు ఇస్తామన్న షరతుతో ఆ పేరు మెరుయెలో దగ్గరే ఉండిపోయింది. ఉత్తర ఫీనిక్స్‌లో ఆయన కన్నేసిన ప్రభుత్వ భూమి వేలం జూన్ 27న జరగాల్సింది. జూన్ 21న దాన్ని రద్దు చేశారు. కొద్ది రోజులకే ఆయన ఆ హక్కు కూడా వదులుకున్నాడు.

అందుకే యూటా రికార్డు పుస్తకంలో మన పాత ఆటగాడు షేన్ డోన్ ఆడిన 1,540 మ్యాచ్‌లు లేవు. వాళ్ళ లెక్క 2024 అక్టోబర్ 8న షికాగో మీద గెలుపుతో, డిలన్ గెంథర్ కొట్టిన గోల్‌తో సున్నా నుంచి మొదలైంది. మన చరిత్రని వాళ్ళు ఎత్తుకెళ్ళారనే మాట నిజం కాదు. ఆ చరిత్ర ఎవరికీ చెందకుండా ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ బాధ.

ఎడారిలో ఐస్ హాకీ ఏమిటి, జట్టు వెళ్ళిపోక ఏం చేస్తుంది అని అక్కడ ఎవరైనా అంటే ఊరుకోకు. లాస్ వేగస్‌ది కూడా ఎడారే కదా. 2017లో అక్కడ జట్టు మొదలైంది, 2023లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. వాళ్ళకి ఊరి నడిబొడ్డున హాకీకి సరిపడే అరీనా ముందే సిద్ధంగా ఉంది. మన జట్టు 28 ఏళ్ళలో మూడు అద్దె ఇళ్ళు మారింది, ఒక్కటీ సొంతం కాలేదు.

మొదటిది ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరీనా. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. హాకీ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చిన్నదాని చుట్టూ వేసిన మెట్ల మధ్యలోకి పెద్దదాన్ని దూరిస్తే, రింక్ చివర పై వరసల కిందకి వెళ్ళిపోతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకి దగ్గరి గోల్ కనబడదు. గోల్ కనబడని టికెట్‌ని చవగ్గా అమ్మాలి, చవగ్గా అమ్మితే ఆటగాళ్ళ జీతాలకి చాలదు. అందుకే 2003 డిసెంబర్‌లో గ్లెండేల్ వెళ్ళారు. భవనం చక్కనిదే, హాకీ కోసమే కట్టింది. కానీ టికెట్లు కొనే జనం స్కాట్స్‌డేల్, టెంపీ, మేసా, చాండ్లర్ వైపు, అంటే ఊరికి తూర్పున ఉంటే, అరీనా పడమటి కొసన ఉంది. పని రోజున సాయంత్రం ఏడింటి ఆటకి ఆఫీసు వదిలే వేళ ముప్పై మైళ్ళ పైనే కారు నడపాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని సీజన్‌లో నలభై సార్లు ఎవరు వెళ్ళగలరు?

2009లో దివాలా పిటిషన్ పడింది, చివరికి లీగే జట్టుని కొనుక్కోవాల్సి వచ్చింది. సొంత యజమాని లేని ఆ రోజుల్లోనే, 2012లో, కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే కప్ ఫైనల్‌కి ఒక్క మెట్టు కింది దాకా వెళ్ళారు. ఆ సంగతి మాత్రం మర్చిపోవద్దు. 2013లో గ్లెండేల్ నగరం పదిహేనేళ్ళ లీజు రాసి, 2015లో రద్దుకి ఓటేసింది. 2022లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ మలెట్ అరీనాకి చేరారు. హాకీకి 4,600 సీట్లు. కూర్చుంటే స్కేట్ల చప్పుడు చెవిలో పడేది, ఆట చూడ్డానికి అంత బాగుండేది మరెక్కడా లేదు. లెక్క చూస్తే మాత్రం మిగతా జట్లు అమ్మే టికెట్లలో మూడో వంతు కూడా లేవు.

టెంపీలో 46 ఎకరాల పాత చెత్త డంపు శుభ్రం చేసి 16,000 సీట్ల అరీనా, పక్కన అపార్ట్‌మెంట్లు కట్టాలన్నారు. విమానాల దారి కింద ఇళ్ళేమిటని విమానాశ్రయం తరఫున ఫీనిక్స్ నగరం కోర్టుకెళ్ళింది. 2023 మే 16న దీని మీద మూడు ప్రతిపాదనలు టెంపీ ఓటర్ల ముందుకి వచ్చాయి. మూడూ ఓడిపోయాయి. అసలు జట్టు చేజారింది ఆ రోజునే. తర్వాత జరిగిందంతా కాగితాల పని.

యూటావాళ్ళ మీద కోపం రావట్లేదని నువ్వు సిగ్గుపడక్కర్లేదు. ఈ జట్టు మనదగ్గరికి వచ్చింది కూడా అలాగే. అంతకుముందు ఇది కెనడాలోని విన్నిపెగ్‌లో జెట్స్ అనే పేరుతో ఉండేది. అక్కడ రాబడి కెనడా డాలర్లలో, జీతాలు అమెరికా డాలర్లలో. అప్పట్లో వాళ్ళ డాలరు మన ముప్పావు డాలరుకి కూడా సరిగ్గా తూగేది కాదు. 1995లో జెట్స్‌ని నిలబెట్టుకోవాలని వేలమంది వీధుల్లోకి వచ్చారు, పిల్లలు కిడ్డీ బ్యాంకులు ఖాళీ చేసి ఇచ్చారు. అయినా 1996 ఏప్రిల్ 28న డెట్రాయిట్ చేతిలో ఓడిన ఆటతో అక్కడ దీపం ఆరింది. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్ కోసం జరిగే పోటీల్లో, అందరూ తెల్లబట్టలు కట్టుకొచ్చే అలవాటు మనకి వాళ్ళదగ్గర్నుంచి వచ్చిందే. వాళ్ళ కన్నీళ్ళ మీద మనం 28 ఏళ్ళు సంబరపడ్డాం. విన్నిపెగ్‌కి 2011లో అట్లాంటా జట్టు వచ్చి చేరింది, అప్పుడు అట్లాంటావాళ్ళు ఏడ్చారు.

షేన్ డోన్ విన్నిపెగ్‌లో ఒక్క సీజన్ ఆడి, ఆ జట్టుతోనే ఇక్కడికొచ్చి ఇరవై సీజన్లు ఉండిపోయాడు. కొడుకు జాష్ స్కాట్స్‌డేల్‌లోనే పుట్టి, 2024 మార్చి 26న కయోటీస్ తరఫున తొలి ఆటలోనే రెండు గోల్స్ కొట్టాడు. సీజన్ ముగియడానికి మూడు వారాలే మిగిలి ఉంది. ఎడారిలో హాకీ వేళ్ళూనలేదనేవాళ్ళకి ఈ ఒక్క ఇల్లు చూపించు. స్కాట్స్‌డేల్‌లో పెరిగి, కయోటీస్ ఆటలు చూస్తూ హాకీ నేర్చుకున్న ఆస్టన్ మాథ్యూస్‌ని 2016 డ్రాఫ్ట్‌లో టొరంటో జట్టు మొదటి ఎంపికగా తీసుకుంది.

ఇక నీ జెర్సీ సంగతి. కచీనా బొమ్మ ఉన్న కయోటీస్ జెర్సీ ఇక దొరకదేమోనని దాచేస్తున్నావట. దాచకు, వేసుకో. ఉతకడంలో మాత్రం జాగ్రత్త. తిరగేసి, చన్నీళ్ళలో, కొద్దిగా లిక్విడ్ సబ్బుతో ఉతుకు. బ్లీచ్, సాఫ్టెనర్ వద్దు. డ్రయ్యర్‌లో అస్సలు వేయకు. అంకెల వెనక ఉన్న జిగురు వేడికి కరిగి బుడగలు లేస్తుంది, మళ్ళీ సాపు కాదు. ఇస్త్రీ కూడా అందుకే వద్దు. సన్నటి తీగ హ్యాంగర్‌కి తగిలిస్తే బరువుకి భుజాలు సాగుతాయి, అంకెలు మడత పడకుండా చదునుగా పెట్టు. ప్లాస్టిక్ కవరు బదులు నూలుగుడ్డలో చుట్టు. నా పాత నూలుచీర ముక్క ఒకటి పంపుతున్నాను. కలరా ఉండలు వేయకు, ఆ వాసన వదలదు. సంతకం ఉన్న జెర్సీని మాత్రం ఉతకనే వద్దు, ఎండ తగలని చోట పెట్టు. పక్‌ని, అదే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళని, రంగు వేసిన అలమరలో నేరుగా పెట్టకు, రబ్బరు మరక పడుతుంది. కింద అట్టముక్క వెయ్యి.

సీటు గురించి రెండు మాటలు. డెల్టా సెంటర్ కూడా బాస్కెట్‌బాల్ కోసం 1991లో కట్టిందే, ఫీనిక్స్‌లో వచ్చిన తంటానే అక్కడా వచ్చింది. మొదటి సీజన్‌లో అడ్డం లేకుండా కనిపించే సీట్లు 11,131 మాత్రమే. పై అంతస్తులో గోల్ వెనక వైపు టికెట్ చవగ్గా ఉంటే కారణం అదే కావచ్చు, ఒక గోలే కనబడుతుందని రాసుందేమో చూసుకుని కొను. రింక్ చుట్టూ ఉండే అద్దానికి ఆనుకున్న వరసల్లో వేగం తెలుస్తుంది గానీ, నీ వైపు గోడ వారగా పక్ వెళ్తే కనబడదు. పొడుగు వైపున, పదో వరస పైన కూర్చుంటే ఆట అల్లిక మొత్తం తెలుస్తుంది. ఆటలో ఉండే మూడు పీరియడ్లలో (భాగాల్లో) మొదటి, మూడో వాటిలో యూటావాళ్ళు ఏ గోల్ మీదికి వెళ్తారో కనుక్కో. ఆ చివరకి దగ్గరగా తీసుకుంటే గోల్స్ ఎక్కువ నీ ముందే పడే అవకాశం ఉంటుంది. జెర్సీ లోపల స్వెటర్ వేసుకో, మంచు దగ్గర రెండున్నర గంటలు కూర్చోవాలి.

టికెట్ కొనే ముందు సెక్షన్, వరస నంబర్లు నాకు పంపు, చూసి చెప్తాను.

మీ అమ్మ