మంత్రి గారూ, ఓసారి ఇంటి పన్ను రసీదు చదవండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లె నుంచి రాస్తున్నాను. నాయకత్వ శిక్షణ అని చెప్పి మీటింగులు పెడతారు కదా, బ్యాగూ పెన్నూ చేతిలో పెట్టి, భోజనం పెట్టి పంపేస్తారు. తప్పు అనను, భోజనం బాగానే ఉంటుంది. కానీ నేను కళ్లారా చూసిన నాయకుడు మాత్రం మా శాఖా గ్రంథాలయం వరండాలో తయారయ్యాడు.

మా వార్డు మెంబరు అతను. చదువు టెన్త్‌ దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం పేపరు కోసం వెళ్లేవాడు, అది ఇంకెవరి చేతిలోనైనా ఉంటే బీరువాలో దొరికిన పుస్తకం తీసుకుని కూర్చునేవాడు, అలా అలా ఏ కాగితం కనబడ్డా చివరిదాకా చదివే పిచ్చి పట్టుకుంది. మేమంతా ఇంటి పన్ను రసీదు మడిచి జేబులో పడేసుకుంటే అతను దాన్నీ చదివాడు. 'గ్రంథాలయ పన్ను' అని ఓ గడి ఉంది. గ్రామసభలో లేచి, ఈ డబ్బు ఎటు పోతోందండీ అని అడిగాడు. కేకల్లేవు, మైకు లాక్కోవడాల్లేవు. జవాబు కోసం ఫైలు వెతకడం మొదలైంది. వెనక నుంచి ఓ ముసలాయన, "ఏటి బాబూ, పుస్తకాలకి కూడా పన్ను కడతన్నామా మనం?" అన్నాడు.

కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. మా దగ్గర మాత్రం కొత్త పుస్తకం వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

చదివేవాడికి ఇంకో అలవాటు కూడా అవుతుంది. పుస్తకంలో మనకి నచ్చని మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగల్లేం, చచ్చినట్టు చివరిదాకా వినాలి. గట్టు తగాదాల్లో మా మెంబరు ఇద్దరి మాటా పూర్తిగా వింటాడు, అందుకే పోలీస్‌ స్టేషన్‌ దాకా వెళ్లాల్సినవి రచ్చబండ దగ్గరే తేలిపోతున్నాయి.

ఈ జిల్లాకి పుస్తకం కొత్త కాదండి. లెక్కల మాస్టారు, కథా రచయిత కాళీపట్నం రామారావు గారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం తెరిచారు. ఒక రిటైర్డ్‌ మాస్టారు చేసిన చోట ప్రభుత్వానికి చేతకాదంటే నేను నమ్మను.

అడిగేది రెండే. పంచాయతీలు, మున్సిపాలిటీలు కట్టాల్సిన గ్రంథాలయ పన్ను బకాయిలు జిల్లా సంస్థకి కట్టించండి. మా లైబ్రరీని రాత్రి తొమ్మిది దాకా తెరిపించండి, పనుల నుంచి కుర్రాళ్లు తిరిగొచ్చేసరికి తాళం వేలాడుతోంది. ఓసారి మీరూ రండి, నవంబరు గ్రంథాలయ వారోత్సవాలకి మాత్రం వద్దు, ఆ వారం అన్నీ బాగానే కనబడతాయి. వచ్చేటప్పుడు మీ ఇంటి పన్ను రసీదు తెచ్చుకోండి, ఆ గడి ఎక్కడుందో మా మెంబరు చూపిస్తాడు.

ఇట్లు,
రూపాయికి 8 పైసలు కడుతున్న ఓ పాఠకుడు