బిల్లు వచ్చే పని ముందు, వీధికి కావాల్సిన పని వెనక

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా వేసిన సిమెంటు రోడ్డును నెల తిరక్కుండానే కుళాయి గొట్టం కోసం తవ్వేశారన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ చూస్తుంటాం. పక్కన గుంత ఫొటో, చివర్లో 'శాఖల మధ్య సమన్వయ లోపం' అన్న మాట. అది అబద్ధం కాదు. కానీ జ్వరంతో వచ్చినవాడికి 'ఒళ్లు వేడిగా ఉందండీ' అని చెప్పి పంపించినట్టుంటుంది. ఆ లోపం ఏ రోజున, ఏ కాగితం దగ్గర, ఎవరి లెక్క వల్ల పుడుతోందో చెప్పుకోకపోతే వచ్చే ఏడాదీ అదే ఫొటో వేసుకోవాలి.

వీధిలో పని నడిపించే బాధ్యత సాధారణంగా ఏఈది, అంటే అసిస్టెంట్ ఇంజినీరుది. పేరుకు ఇన్‌ఛార్జి. చేతిలో ఒకేసారి ఐదారు పనులు. కాంట్రాక్టరు అతని కింద ఉద్యోగి కాదు. స్తంభం పక్కకు జరపాల్సిన లైన్‌మన్ విద్యుత్ సంస్థ మనిషి. ఏ వాల్వు ఎక్కడుందో నోటిలెక్కగా తెలిసిన ఫిట్టరు ఇంకో విభాగం. ఎస్టిమేటులో లేని ఒక్క ఐటం చేర్చాలన్నా పైఅధికారి మంజూరు కావాలి. గడువు దాటితే సంజాయిషీ మాత్రం ఏఈనే అడుగుతారు. ఇదంతా పాత సంగతే. అసలు చిక్కు దీనికన్నా చిన్నది, మొండిది: బిల్లు ఏ వరుసలో వస్తుందో పని కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

గొట్టాల పనిలో కాంట్రాక్టరుకు తొందరగా డబ్బు తెచ్చేవి తవ్వకం, గొట్టం పరచడం. జేసీబీ పెడితే రోజులో ఒక సందు అయిపోతుంది. మీటర్లు ఎం-బుక్కులోకి (కొలతల పుస్తకం) ఎక్కుతాయి, అప్పటిదాకా అయిన పనికి రన్నింగ్ బిల్లు తయారవుతుంది. ఆ తర్వాత మిగిలేవి గొట్టంలో నీళ్ల ఒత్తిడి పెంచి లీకులు చూసే ప్రెషర్ టెస్టు, ఇంటింటికీ కుళాయి కలపడం, కందకాన్ని పొరలు పొరలుగా పూడ్చి దిమ్మిస కొట్టడం. వీటికి మనుషులు ఎక్కువ, రోజులు ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ. అందుకే ఒక వీధి ముగించకుండానే పది వీధులు తవ్వేస్తారు. కాంట్రాక్టరును తిట్టి లాభం లేదు, ఒప్పందం అలా రాసిచ్చింది ఆఫీసే. సమీక్షలో 'పని 70 శాతం పూర్తి' అంటారు. అది ఖర్చయిన డబ్బుకు కట్టిన శాతం. కొత్త గొట్టంలోంచి బిందెడు నీళ్లు పట్టుకోగలిగే వీధి అప్పటికి ఒక్కటీ ఉండకపోవచ్చు. ఆ 70ని చూసి రోడ్ల పని మొదలవుతుంది. మార్చి 31 లోపు నిధులు ఖర్చు చూపాలన్న తొందర దానికి తోడవుతుంది. పరీక్ష చేయని గొట్టాల మీద కాంక్రీటు పడిపోతుంది.

మందు కూడా అక్కడే వేయాలి. గొట్టం మీటరు రేటును విడగొట్టి పరిచినందుకు కొంత, టెస్టు నెగ్గాక కొంత, కుళాయిలు కలిపి కందకం పూడ్చాక మిగతాది అని టెండరు పత్రంలోనే రాసుకోవచ్చు. 60, 15, 25 మా అంచనా. ఊరిని బట్టి మార్చుకోవచ్చు గానీ, పరిచిన రోజే 90 ఇచ్చేస్తే చివరి పది కోసం ఎవరూ వెనక్కి రారు. ఒప్పందం మీద సంతకాలయ్యాక ఈ మార్పు కుదరదు, ఎస్టిమేటు కడుతున్నప్పుడే ఆలోచించాలి. దానితోపాటు ఒక పనివాళ్ల ముఠాకు ఒకేసారి రెండు వీధుల కన్నా ఎక్కువ తెరవనివ్వకూడదు. సమీక్షలో శాతం అడగడం మానేసి, 'మళ్లీ గునపం దిగనవసరం లేని వీధులు ఎన్ని అయ్యాయి?' అని అడిగితే లెక్క వెంటనే తేలుతుంది.

ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పున్న సందు తీసుకుందాం. రెండు వైపులా కలిపి ఇరవై, పాతిక ఇళ్లు. మెయిన్ గొట్టం ఒక అంచున పోతుంది కాబట్టి ఎదుటి వరుస ఇళ్లన్నిటికీ కనెక్షన్ రోడ్డును అడ్డంగా దాటాలి. ఎస్టిమేటును ఆఫీసులో కూర్చుని పాత డ్రాయింగు మీద కడితే ఈ దాటింపులు లెక్కలోకి రావు. తీరా వీధిలోకి దిగాక 'ఇది నా ఐటంలో లేదు సార్' అంటాడు కాంట్రాక్టరు. నిజమే, లేదు. ఎక్స్‌ట్రా ఐటం మంజూరై వచ్చేలోగా రోడ్డు ముఠా దిగిపోతుంది. కాబట్టి ఎస్టిమేటుకు ముందే ఫిట్టరును వెంటబెట్టుకుని వీధి నడవాలి. ప్రతి గడపా, ప్రతి ఖాళీ స్థలమూ ఒక కాగితం మీదకి రావాలి. ఖాళీ స్థలాలే ఎక్కువ కొంప ముంచుతాయి. ఇవాళ దరఖాస్తు లేదు కదా అని వదిలేస్తారు. రెండేళ్లకు అక్కడ ఇల్లు లేస్తుంది, కొత్త రోడ్డు కోస్తారు. ప్రతి స్థలానికీ 20 మి.మీ. గొట్టాన్ని 50 మి.మీ. పీవీసీ తొడుగులో పెట్టి హద్దు దాకా తెచ్చి, మూత బిగించి, గోడ మీదో రాయి మీదో రంగుతో గుర్తు పెడితే సరిపోతుంది. తొడుగు ఉంటే లోపలి గొట్టం పాడైనా లాగి మార్చుకోవచ్చు. ఖర్చు ప్రాజెక్టులో పెట్టి, కనెక్షన్ తీసుకున్నప్పుడు రుసుముతో వసూలు చేసుకోవచ్చు. కేబుళ్ల కోసం కూడా సందు మొదట్లో ఒకటి, చివర ఒకటి 110 మి.మీ. ఖాళీ గొట్టం అడ్డంగా వేసి ఉంచాలి. ఇంటర్నెట్ కేబుల్‌వాడు ఎలాగూ వస్తాడు.

జేసీబీ దిగకముందు ముప్పై మీటర్లకొక చోట అడ్డంగా, మీటరు లోతున, చేత్తో చిన్న గుంత తవ్వించి చూడాలి. పాత గొట్టం, కేబుల్ ఏ అంచున, ఎంత లోతున ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. దీనికి ఒక పూట పడుతుంది. ఆ గుంతలు తవ్వకుండా జేసీబీ దిగి పాత లైను పగలగొడితే వీధికి రెండు రోజులు నీళ్లుండవు, నాలుగో ఇంటి నుంచి ఫోను నేరుగా కౌన్సిలర్‌కు పోతుంది. ఆ తర్వాత ఇన్‌ఛార్జి ఎంత మంచి పనిచేసినా ఆ వీధిలో అతనికి మాట చెల్లదు.

ప్రెషర్ టెస్టు గురించి ఒక మాట. గొట్టం పని చేయాల్సిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, జాయింట్లు పైకి కనిపిస్తుండగానే చూడాలి. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ గొట్టం మొదట్లో కాస్త సాగుతుంది, అందువల్ల గేజీ ముల్లు కొంచెం దిగుతుంది. అది లీకు కాదు. నీళ్లు నింపి మళ్లీ అదే ఒత్తిడికి తెచ్చి, అప్పటి నుంచి లెక్క చూడాలి. ఇది తెలియక మంచి జాయింట్లను కోసేసేవాళ్లున్నారు. ముల్లు దిగుతూనే ఉన్నా 'సాగుతోందిలే' అని సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు.

కందకం పూడ్చే దగ్గర జరిగే అశ్రద్ధ ఏడాది తర్వాత బయటపడుతుంది. తవ్విన మట్టినంతా జేసీబీతో ఒకేసారి తోసేసి, పైన చక్రాలు నడిపి 'గట్టిపడింది' అంటారు. ఇరవై సెంటీమీటర్ల పొర చొప్పున, తడిపి, దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి నేలైతే ఆ గడ్డలు తిరిగి వేయకుండా గ్రావెల్ నింపాలి. లేదంటే ఒక వానకాలం గడిచేసరికి మట్టి కిందకి కుంగుతుంది, కాంక్రీటు పలక కింద డొల్ల ఏర్పడుతుంది, ఇసుక లారీ ఒకటి వెళ్తే చాలు. పాఠకులు తమ వీధిలో పగుళ్లు చూసి కారణం పోల్చుకోవచ్చు. రోడ్డు పొడవునా గొట్టం వెంబడే పగులు సాగితే తప్పు పూడ్చడంలో ఉంది. అడ్డంగా ఐదారు మీటర్లకొకటి వంకరటింకరగా వచ్చిందంటే జాయింటు కోత (పలక ఇష్టమొచ్చినట్టు పగలకుండా ముందే పెట్టే గీత) ఆలస్యమైంది. పైపొర పిండిలా రాలుతుంటే నీళ్లు ఎక్కువ కలిపారు, లేదా క్యూరింగ్ చేయలేదు, అంటే గట్టిపడేదాకా తడిగా ఉంచలేదు. అన్నిటికీ 'సిమెంటు తక్కువేశారు' అనడం వల్ల అసలు తప్పు చేసినవాడు తప్పించుకుంటున్నాడు.

రోడ్డు మట్టం కూడా ముందే తేల్చుకోవాలి. పాత రోడ్డు మీదే 150 మి.మీ. పలక వేస్తే వీధి అరడుగు లేస్తుంది. పల్లంలో ఉన్న ఇంట్లోకి వాననీళ్లు వెళ్తాయి, ఆ ఇంటివాళ్లు వాకిట్లో గట్టు కడతారు, నీళ్లు పక్కింటికి మళ్లుతాయి. లెవెల్ పెట్టి, అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న గడపా, కాలువ నీరు చేరే చివరా చూసుకుని, అవసరమైతే పాతది తీసేసి వేయాలి. తీసేయడానికి ఐటం ఎస్టిమేటులో ఉండాలి. మళ్లీ అదే కథ.

ఇక కాంక్రీటు రోజు. ఇందాక చెప్పుకున్న 100 మీటర్ల సందుకు 150 మి.మీ. మందంతో 52.5 ఘనపు మీటర్లు కావాలి, అంటే ఆరు ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు (కాంక్రీటు తిప్పుతూ తెచ్చే లారీలు) తొమ్మిది. కాంక్రీటు పనికి జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం అంతటికీ కనీసం ఐదు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు చొప్పున పదిహేను క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు) తీయాలి. సందులోకి లారీ తిరుగుతుందా, వెనక్కి ఎక్కడి నుంచి రావాలి, ఏ వైరు తగులుతుంది అనేది ముందు రోజే నడిచి చూడాలి. మూడో లారీకీ నాలుగో లారీకీ మధ్య గంటన్నర ఖాళీ వస్తే అక్కడ అతుకు పడుతుంది. ఆలస్యమైన లారీలో మాలు బిగుసుకుంటుంది, మేస్త్రీ 'కాస్త జారుగా చెయ్యి' అని నీళ్ల పైపు అందుకుంటాడు. ఇన్‌ఛార్జి ఆ రోజు ఇంకేమీ చేయకపోయినా ఆ పైపు పట్టుకోనివ్వకుండా ఉంటే సగం నాణ్యత నిలబడ్డట్టే. ఆ రోజే జిల్లా కేంద్రంలో సమీక్షకు పిలుస్తారు. కాంక్రీటు రోజున ఇన్‌ఛార్జిని వీధి వదిలి రమ్మనకూడదన్న చిన్న ఉత్తర్వు కమిషనర్లు ఇవ్వగలరు, దానికి రూపాయి ఖర్చు లేదు.

జాయింట్లు నాలుగు మీటర్లకొకటి, మందంలో మూడో వంతు, అంటే 50 మి.మీ. లోతున కోయాలి. పోసిన 6 నుంచి 12 గంటల్లో, ఎండాకాలంలో ఇంకా ముందే కోత పడాలి. అంటే అది రాత్రి పని. కోత మిషను అద్దెకు తెచ్చేవాణ్ణి, లైటును సాయంత్రానికే సిద్ధం చేయకపోతే మర్నాడు పొద్దున్నే 'కోద్దాంలే' అంటారు, పగులు అప్పటికే తన దారి తాను చూసుకుంటుంది.

క్యూరింగ్ కనీసం 14 రోజులు. మడులు కట్టి ఒక అంగుళం నీళ్లు నిలపాలంటే 350 చదరపు మీటర్లకు మొదటి తడికే దాదాపు 8,750 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. వీధి కుళాయి రోజుకో గంట వచ్చే ఊళ్లో ఇది ట్యాంకర్ పనే. క్యూరింగ్‌కు విడిగా బిల్లు లేదు కాబట్టి మూడో రోజుకల్లా కూలీని పక్క వీధికి పంపేస్తారు. రోజుకో ఫొటో, తేదీతో సహా, సైట్ ఆర్డర్ బుక్కులో కాంట్రాక్టరు సంతకం ఉంటేనే ఇది నిలుస్తుంది. నోటిమాటగా చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

వీధివాళ్లకు కనీసం వారం ముందు చీటీ పంచాలి. ఏ తేదీ నుంచి బండ్లు లోపలికి రావు, ఎక్కడ పెట్టుకోవాలి, కుళాయి కావాలంటే ఆఖరి తేదీ ఏది అన్నవి అందులో ఉండాలి. పెళ్లి ఉన్న ఇల్లు, నెలలు నిండిన మనిషి ఉన్న ఇల్లు, మంచంలో ఉన్న పెద్దాయన ఉన్న ఇల్లు ముందే అడిగి తెలుసుకోవాలి. అడక్కపోతే రెండో రోజు రాత్రి అడ్డం పెట్టిన కర్రలు తీసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

గడువు లెక్క కూడా నేలకు దగ్గరగా ఉండాలి. తొమ్మిది నెలల ఒప్పందంలో నాలుగు నెలలు వానలు, సంక్రాంతికి ఊరెళ్లిన కూలీలు తిరిగి వచ్చేదాకా రెండు వారాలు. ఎన్నికల కోడ్ వస్తే ఉత్తర్వు చేతిలో ఉన్నా నేల మీద మొదలుకాని పని ఆగిపోతుంది. ఈ మధ్యలో ఏఈకి బదిలీ అయితే కొత్తవాడికి దక్కేది ఎం-బుక్కు ఒక్కటే. పూడ్చకముందు టేపు పక్కన పెట్టి తీసిన గొట్టాల ఫొటోలు, లెవెళ్ల పుస్తకం, ఇళ్ల జాబితా, ఎవరికి ఏం మాట ఇచ్చారో రాసిన రిజిస్టరు కూడా అప్పగించాలి. కప్పేసిన పనిని ఎవరూ కొలవలేరు.

పని జరిగే చోట పెట్టే బోర్డు మీద అంచనా మొత్తం, కాంట్రాక్టరు పేరు రాస్తారు. అక్కడే గొట్టం టెస్టు నెగ్గిన తేదీ, కుళాయి కనెక్షన్లకు ఆఖరి తేదీ, కాంక్రీటు పోసే తేదీ కూడా రాయించాలని పురపాలక అధికారులను కోరుతున్నాం. మొదటి గడి ఖాళీగా ఉండగా మూడో గడిలో తేదీ వేయడం ఎవరికైనా కష్టమే. మీ విలేకరులకూ ఒక మనవి. తవ్విన రోడ్డు ఫొటో తీసినప్పుడు ప్రెషర్ టెస్టు రిజిస్టరు, ఇళ్ల జాబితా, క్యూబుల ఫలితాల కాగితం, ఈ మూడూ చూపించమని ఆఫీసులో అడగండి. ఏది లేదో అది కూడా వార్తలో రాయండి.

ఇట్లు,
కొందరు విశ్రాంత పురపాలక ఇంజినీర్లు,
కాకినాడ