ఒకరికొకరే లోకమైతే

సంపాదకులకు,

ప్రేమించుకుని కలిసి బతికే ఇద్దరు ఆడవాళ్ల గురించి పత్రికలు రాసేది వాళ్లు ఇల్లు వదిలిన రోజునో, కోర్టు మెట్లెక్కిన రోజునో. ఆ తర్వాత నడిచే కాపురం ఎవరికీ పట్టదు.

అనంతపురంలో ఇల్లు అద్దెకు దొరకాలంటే స్నేహితురాళ్లమనో, వరసకు అక్కాచెల్లెళ్లమనో చెప్పుకోవాలి. పుట్టింట్లో చెప్పలేరు, ఆఫీసులో చెప్పలేరు. గొడవైతే సర్దిచెప్పే పిన్నమ్మ ఉండదు. అమ్మ, అక్క, స్నేహితురాలు అన్నీ ఆ ఒక్క మనిషే. ఫోన్ ఎత్తడం అరగంట ఆలస్యమైతే ప్రాణం కొట్టుకుంటుంది. అమెరికాలో 1980లోనే క్రెస్టన్, బెప్కో అనే ఇద్దరు కౌన్సెలర్లు దీన్ని గమనించారు: లోకం గుర్తించని జంట తలుపులేసుకుని లోపలికి ముడుచుకుంటుందని. అంత దగ్గరగా ఉండటమే తప్పన్నట్టు కొందరు పట్టుకున్నారు గానీ, తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు.

దగ్గరగా ఉంటూనే ఇద్దరికీ ఊపిరాడాలంటే కొన్ని పద్ధతులు పెట్టుకోవాలి. ముందు డబ్బు. ఎవరి జీతం వాళ్ల ఖాతాలో, అద్దెకూ సరుకులకూ ఒక ఉమ్మడి ఖాతా. సగం సగం వద్దు. జీతాలు 30 వేలు, 20 వేలైతే 15 వేల ఖర్చుకు 9 వేలు, 6 వేలు వేయాలి. లేకపోతే తక్కువ జీతమున్నామె చీరకూ చేయి చాపాల్సి వస్తుంది, మెల్లగా నోరు మెదపడమే మానేస్తుంది. ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. అయితే నామినీ వారసురాలు కాదు. ఇలాంటి పెళ్లికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు గుర్తింపు ఇవ్వలేదు కాబట్టి, వీలునామా లేకపోతే ఆస్తి పుట్టింటివాళ్లకే పోతుంది. వీలునామాకు రాసినామె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు.

వారంలో ఒక సాయంత్రం ఎవరి దారి వాళ్లది. ఒకరు ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడకకు, ఒకరు కుట్టు క్లాసుకు. మొదటి రెండు మూడు వారాలు అలక తప్పదు. అది చూసి మానేస్తే మళ్లీ మొదటికే.

గొడవ ముదిరితే కాసేపు బయటికి వెళ్లొచ్చు, ఎప్పుడొస్తారో చెప్పి మరీ. ఇంట్లోవాళ్లు వెలివేసిన అమ్మాయికి చెప్పకుండా మూసిన తలుపు మళ్లీ వెలివేతే.

ఫోన్ తనిఖీ చేయడం, జీతం లాక్కోవడం, ‘మీ ఇంట్లో చెప్పేస్తా’ అని బెదిరించడం మాత్రం ప్రేమలో భాగం కాదు, హింస. అక్కడ సర్దుకుపోమని మేం చెప్పం. మహిళా హెల్ప్‌లైన్ 181. మనసు బరువైతే టెలీ మానస్ 14416, రాత్రయినా పగలైనా ఉచితమే.

– ఇద్దరు కౌన్సెలర్లు, అనంతపురం