థైరాయిడ్ రోగుల ఓపీ చీటీలో ఒక ప్రశ్న చేర్చండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

విజయనగరం జిల్లా చీపురుపల్లిలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. థైరాయిడ్ బిళ్లల కోసం మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లలో చాలామంది ఆ బిళ్లతోపాటు ఇంకేదో వాడుతుంటారు. ధనియాల కషాయం, కాంచనార గుగ్గులు, అశ్వగంధ, హోమియో గుళికలు, ఎవరో చెబితే సంతలో కొన్న చూర్ణం. డాక్టరుకు మాత్రం చెప్పరు. "సెప్తే డాట్రుబాబు కసురుతాడు" అంటారు.

మొన్న రాజాం వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంచిలోంచి చూర్ణం పొట్లం తీసి చూపించింది. దాని మీద పేరు లేదు, తయారీ తేదీ లేదు. "ఇది మొదలెట్టాక బిళ్ల మానేశాను బాబూ, ఒళ్లు బాగానే ఉంది" అంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ థైరాయిడ్ బిళ్లలో ఉండే మందు, లీవోథైరాక్సిన్, మానేసిన మర్నాడే ఒంట్లోంచి పోదు. సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకే మొదట్లో ఏ తేడా తెలియదు, ఆ మంచి పేరంతా చూర్ణానికి వెళ్తుంది. తర్వాత నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం మెల్లగా మొదలైతే వయసు మీదకో ఇంటి చాకిరీ మీదకో తోసేస్తారు. కడుపుతో ఉన్న పిల్ల ఇలా మానేస్తే ఇంకా కష్టం. మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి.

ఆయుర్వేదం వద్దని నేను అనడం లేదు. యోగా చేస్తే మంచిదే. కానీ అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. ఆ సంగతి తెలియని డాక్టరు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు ఒక్కటే చూసి డోసు మార్చేస్తే ఎలా? మూలికల దాకా ఎందుకు, గర్భిణులకు మన ప్రభుత్వం ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు పరగడుపున వేసుకునే థైరాయిడ్ బిళ్లతో కలిపి వేసుకున్నా ఆ బిళ్ల ఒంటికి సరిగా పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ మాట తమకు ఎవరూ చెప్పలేదనే అంటున్నారు మా దగ్గరకు వచ్చేవాళ్లు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఓపీ చీటీ మీద "ఇంకేం మందులు వాడుతున్నారు?" అన్న గడి పెట్టించండి. ఏఎన్ఎం, ఆశా అక్కలు ఆ మాట కసురుకోకుండా అడిగేలా శిక్షణ ఇప్పించండి. ఆయుష్ డాక్టర్లూ అదే చీటీలో రాయాలి. గాయిటర్‌ను (థైరాయిడ్ గ్రంథి వాపును) నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది, దాన్ని మా సంతల్లోనూ అమలు చేయించండి. డోసు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేయాల్సిన టీఎస్‌హెచ్ పరీక్షకు ఊరి దగ్గరే రక్తం తీసుకునే ఏర్పాటు చేయించండి. ఒక రోజు కూలి పోతుందని ఆ పరీక్ష మానేస్తున్నవాళ్లు మా మండలంలో ఉన్నారు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, చీపురుపల్లి