పాలపిట్టా, రామచిలుకా? బడి పిల్లల క్విజ్ పోటీల గురించి కొన్ని మాటలు

సంపాదకులకు నమస్కారం.

ఆర్యా,

నవంబరు వస్తోందంటే మన విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు జనరల్ నాలెడ్జి క్విజ్ పోటీల సందడి మొదలవుతుంది. 14వ తేదీన బాలల దినోత్సవం, అదే రోజు నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కలిసి రావడంతో సేవా సంస్థలు, కాలనీ సంఘాలు, పెద్ద బడుల యాజమాన్యాలు పోటీపడి ఈ కార్యక్రమాలు పెడుతున్నాయి. అందుకు వారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఇలాంటి పోటీలకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను, ప్రశ్నలు అడిగాను, మార్కులు వేసే బల్ల దగ్గరా కూర్చున్నాను. వేదికకు, ఫ్లెక్సీలకు, మెమెంటోలకు పెడుతున్న శ్రద్ధలో సగమైనా ప్రశ్నపత్రం మీద పెట్టడం లేదన్న ఆవేదనతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత సంవత్సరం నగరంలో జరిగిన ఒక పోటీలో నేను స్కోరు బోర్డు దగ్గర ఉన్నాను. ఒక మునిసిపల్ బడి జట్టుకు "ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఏది?" అనే ప్రశ్న వచ్చింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నాక, మధ్యలో కూర్చున్న నాలుగో తరగతి అమ్మాయి లేచి చేతులు కట్టుకుని "రామచిలుక అండీ" అని చెప్పింది. క్విజ్ మాస్టరు చేతిలోని కాగితం చూసుకుని "తప్పు, పాస్" అన్నారు. పక్క జట్టు "పాలపిట్ట" అనగానే చప్పట్లు మోగాయి, పది మార్కులు వెళ్లిపోయాయి. నిజానికి ఆ అమ్మాయి చెప్పిందే సరైన జవాబు. రాష్ట్ర విభజన తరువాత, 2018లో మన ప్రభుత్వం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. పాలపిట్ట ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి. వాళ్ల టీచరు లేచి ఆ మాటే మర్యాదగా చెప్పారు. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయమని జవాబు వచ్చింది. నేను కూడా వెళ్లి చెప్పాను, నాకూ అదే సమాధానం. ఆ అమ్మాయి వెంటనే కూర్చోలేదు. కాసేపు అలాగే నిలబడి, తమ టీచరు వైపు చూసింది. ఓడిపోయినందుకైతే పిల్లలు సాయంత్రానికి మరిచిపోతారు. బడిలో నేర్చుకున్నది తప్పేమోనన్న అనుమానంతో ఒక చిన్నపిల్ల ఇంటికి వెళ్లడం మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఇది ఒక్క ప్రశ్నతో పోయేది కాదు. చాలామంది నిర్వాహకులు పోటీ పరీక్షల పాత బిట్ పుస్తకాల నుంచి ప్రశ్నలు ఎత్తి రాస్తున్నారు. వాటిలో ఇంకా గ్రహాలు తొమ్మిదే ఉంటాయి, ప్లూటోను 2006లోనే గ్రహాల జాబితా నుంచి తీసివేశారన్న సంగతి ఉండదు. రాష్ట్రంలో 13 జిల్లాలే ఉంటాయి, 2022 ఏప్రిల్ 4న అవి 26 అయిన సంగతి ఉండదు. మన జాతీయ క్రీడ హాకీ అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. ప్రభుత్వం ఏ ఆటనూ అధికారికంగా జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు బదులిచ్చింది. ఆ దరఖాస్తు పెట్టింది లక్నోకు చెందిన పదేళ్ల బాలిక. అంటే మన పోటీలకు వచ్చే పిల్లల ఈడుదే. జవాబు నిజమేనా అని అడిగి తెలుసుకోవాలన్న పట్టుదల ఆ వయసులోనే ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది కదా! అందుకే ప్రతి ప్రశ్నకూ జవాబుతో పాటు అది ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ సంవత్సరపు సమాచారమో పక్కనే రాసుకోవాలి. ప్రశ్నలు రాసినవారు కాక మరో ఇద్దరు ఉపాధ్యాయులు పోటీకి వారం ముందే వాటిని సరిచూడాలి. జవాబు మీద అభ్యంతరం వస్తే ఆ రౌండు ముగిసేలోపే పరిశీలించి, తప్పు తమదైతే వేదిక మీదే ఒప్పుకుని మార్కులు సరిచేయాలి. పెద్దలు అలా ఒప్పుకోవడం చూడటం కూడా పిల్లలకు చదువే.

ఇక ఏం అడగాలన్నది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలను దేశాల కరెన్సీల పేర్లు వరసగా అప్పజెప్పమనడం కంటే, వాళ్లు రోజూ చూస్తున్న వాటి గురించి అడిగితే ఆ ముఖాల్లో వచ్చే వెలుగే వేరు. విజయవాడ నడిబొడ్డున పారే మూడు కాలువల పేర్లేమిటి? బందరు, ఏలూరు, రైవస్ కాలువలను ఆటోలో రోజూ దాటే పిల్లలకు వాటి పేర్లు తెలియకపోవడం నేను చూశాను. ప్రకాశం బ్యారేజీకి ఎన్ని గేట్లు అని అడిగితే డెబ్బై అని బట్టీ పట్టినవాడు చెబుతాడు. ఆ గేట్ల కింద నుంచి వెళ్లిన కృష్ణ నీళ్లు చివరికి ఎక్కడ సముద్రంలో కలుస్తాయని అడిగితే హంసలదీవి దాకా మనసులో ప్రయాణం చేయాలి. గుంటూరు పిల్లలను, మిరపకాయ మన దేశానికి ఎవరి ద్వారా వచ్చిందని ఒకసారి అడిగి చూడండి. పోర్చుగీసువారు తెచ్చారని, అంతకుముందు మన వంటల్లో కారానికి మిరియాలే ఉండేవని చెబితే నమ్మలేక నోళ్లు తెరుస్తారు. బొమ్మల రౌండంటే తెర మీద ఫొటోలే చూపించనక్కర లేదు. ఒక కొండపల్లి బొమ్మను బల్ల మీద పెట్టి, చేతిలోకి తీసుకుని బరువు చూడమని, అది ఏ చెక్కతో చేస్తారో అడగవచ్చు. ఎంత తేలికగా ఉందో చూశాక, తెల్ల పొణికి అన్న పేరు వాళ్లకు జన్మలో మరిచిపోయేది కాదు. పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి అందజేసింది 1921లో ఈ బెజవాడలోనే అన్నది మన పిల్లలకు ఎలాగూ తెలిసి ఉండవలసిన సంగతి.

పోటీ నడిపే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఆరు జట్లను వరసగా కూర్చోబెట్టి, జవాబు రాని ప్రశ్నను ఎప్పుడూ కుడివైపుకే పాస్ చేస్తే, బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవారికి అదనపు ప్రశ్నలు దొరుకుతాయి. అది తెలివి వల్ల కాదు, కుర్చీ వల్ల వచ్చిన మార్కు. బజరు పెడితే ఇంకా అన్యాయం, ప్రశ్న పూర్తికాకముందే నొక్కేవాడిదే రాజ్యమవుతుంది. నేను చాలా ఏళ్లుగా పలకలతో పోటీ నడుపుతున్నాను. ప్రతి జట్టుకూ ఒక పలక, ఒక బలపం, ఒక తడిగుడ్డ ఇస్తాను. ప్రశ్న రెండుసార్లు చదువుతాను, అర నిమిషం తరువాత గంట కొడితే అందరూ ఒకేసారి పలకలు ఎత్తి చూపాలి. అప్పుడు ప్రతి ప్రశ్నా ప్రతి జట్టుదే అవుతుంది, పాస్ చేయడమన్నదే ఉండదు. ఒకసారి తాడేపల్లి వైపు ఒక బడిలో దక్షిణ భారతంలో అతి పొడవైన నది ఏదని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లవాడు పక్కవాళ్లు రాసిన "కృష్ణ"ను మోచేత్తో తుడిచేసి, "గోధావరి" అని పెద్ద అక్షరాలతో రాసి పలక ఎత్తాడు. ఒత్తు తప్పే, అయినా మార్కు పూర్తిగా ఇచ్చాను. ఈ వయసులో అక్షరదోషాలకు మార్కులు తగ్గించడం తగదని నా నిశ్చితాభిప్రాయం.

భాష విషయంలో నిర్వాహకులు దయచేసి పట్టుదలకు పోవద్దు. ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషుతో వస్తున్నాయి. ప్రశ్న కూడా అలాగే రెండు భాషల్లో చదవాలి, జవాబు ఏ భాషలో రాసినా ఒప్పుకోవాలి. ఇంగ్లిషులో మాత్రమే అడిగే పోటీల్లో మండల పరిషత్ బడి పిల్లలు మొదటి రౌండులోనే వెనుదిరగడం, దాన్నే వాళ్ల తెలివితక్కువతనంగా లెక్కకట్టడం ఇకనైనా మానుకోవాలి. మిగిలినవి చిన్న విషయాలు. జట్టుకు ముగ్గురు, అందులో కనీసం ఒకరు మూడో తరగతి వారు ఉంటే మంచిది. ఉదయం పదింటికి మొదలుపెట్టి భోజన సమయానికి ముగించాలి. అతిథుల ప్రసంగాలు ఉంటే పోటీ అయ్యాకే పెట్టుకోవాలి. బహుమతులుగా ప్లాస్టిక్ కప్పులకు బదులు పుస్తకాలు ఇవ్వాలి.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది బెజవాడలోనే. ఆ నగరంలో గ్రంథాలయ వారోత్సవాల క్విజ్ పోటీ కల్యాణ మండపంలో జరగడం కంటే శాఖా గ్రంథాలయంలో జరగడం ఎంతో సబబుగా ఉంటుంది. అక్కడైతే ఇంకో రౌండు కూడా పెట్టవచ్చు. జట్టుకు ఒక ప్రశ్న కాగితం ఇచ్చి, పది నిమిషాల్లో అల్మారాల్లోని పుస్తకాల నుంచి జవాబు వెతికి, పేజీ సంఖ్యతో సహా రాసి తెమ్మనాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు, మండల విద్యాశాఖాధికారులు కలిసి ఈ ఏడాది కొన్ని శాఖల్లోనైనా దీన్ని ప్రయత్నించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

నా దగ్గర సరిచూసిన నూట యాభై ప్రశ్నలు, జవాబు పక్కనే ఆధారంతో, రెండు భాషల్లో నోటు పుస్తకంలో రాసి ఉన్నాయి. పోటీ పెట్టదలచిన ఏ బడివారైనా మీ కార్యాలయం ద్వారా కబురు చేస్తే జిరాక్సు తీయించి పంపగలను. రాష్ట్ర పక్షి ప్రశ్న అందులో మొదటిది.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
సత్యనారాయణపురం, విజయవాడ